వేలితో తోసే బొమ్మలు: చూసినవి ఏవి, ఊహించినవి ఏవి?

మేడ్చల్ నుంచి సికింద్రాబాదు పోయే బస్సులో ఒకసారి చుట్టూ గమనించండి. చాలామంది ఫోను తెర మీద వేలు పెట్టి పక్కకు తోస్తూ ఉంటారు. ఒక బొమ్మ పోయి ఇంకొకటి వస్తుంది. దాని తర్వాత మరొకటి. మొదటి బొమ్మలో ఒక ప్రశ్న, మధ్య బొమ్మల్లో వివరం, చివరి బొమ్మలో జవాబు. ఇలా వరుసగా పేర్చి, తోసి చూసేందుకు పెట్టే ఫొటోల పోస్టును ‘కరౌసెల్’ అంటారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఈ సౌకర్యం 2017లో వచ్చింది. అప్పుడు ఒక పోస్టులో 10 బొమ్మలు పట్టేవి. 2024లో ఆ సంఖ్య 20కి పెరిగింది.

ఈ మధ్య ఇలాంటి పోస్టులకు కావలసిన బొమ్మలు, మాటలు కూడా కృత్రిమ మేధ, అనగా ఏఐ, తయారుచేసి ఇస్తోంది. ‘ఫలానా బొమ్మ కావాలి’ అని రాస్తే అర నిమిషంలో బొమ్మ సిద్ధం! ఇది ఎలా సాధ్యమవుతోంది? అలా వచ్చిన బొమ్మను మనం ఎంతవరకు నమ్మవచ్చు? మనమే ఒక మంచి పోస్టు తయారు చేయాలంటే ఏం చేయాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

చుట్టిన పటం, తోసే తెర

బొమ్మలను వరుసగా చూపి కథ చెప్పడం కొత్త సంగతేమీ కాదు. శామీర్‌పేట మీదుగా సాగే రాజీవ్ రహదారి వెంట ఉత్తరంగా పోతే సిద్దిపేట వస్తుంది. ఆ జిల్లాలోనే చేర్యాల ఉంది. అక్కడి నకాషీ చిత్రకారులు పొడవాటి గుడ్డ మీద చింతగింజల అంబలి, సుద్దమట్టి పూసి, ఆరిన తర్వాత గడులు గడులుగా కథను చిత్రిస్తారు. కథకుడు ఆ పటాన్ని వేలాడదీసి, ఒక్కొక్క గడినే విప్పుతూ కథ చెబుతాడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం వినిపించే కూనపులివారి పటం అలాంటిదే.

ఇందులో ఒక కిటుకు ఉంది. కథ మొత్తం ఒకేసారి కనిపించదు. తర్వాత గడిలో ఏముందో అన్న కుతూహలమే వినేవారిని కూర్చోబెడుతుంది. ఫోనులో బొమ్మను పక్కకు తోయించేది కూడా ఆ కుతూహలమే. పటం విప్పే పని కథకుడి చేతిలో ఉండేది. ఇప్పుడది చూసేవారి వేలి కొసకు వచ్చింది.

తెర వేలిని ఎలా గుర్తుపడుతుంది?

ఒక చిన్న ప్రయోగం చేయండి. ఫోను తెర మీది బొమ్మను వేలితో తోయండి. బొమ్మ కదులుతుంది. ఇప్పుడు చెక్క పెన్సిలును తిప్పి పట్టుకొని, దాని చెక్కకొసతో తోయండి. బొమ్మ కదలదు. మందపాటి గుడ్డ వేలికి చుట్టి తోసి చూడండి. అప్పుడూ సరిగా కదలదు.

కారణం ఏమిటి? తెర గాజు కింద కంటికి కనిపించనంత పలుచని వాహకపు గీతలు నిలువుగా, అడ్డంగా ఉంటాయి. వాటి మధ్య కొద్దిపాటి విద్యుదావేశం నిలిచి ఉంటుంది. మన శరీరం కూడా విద్యుద్వాహకమే కనుక, వేలు దగ్గరకు రాగానే ఆ ఆవేశంలో మార్పు వస్తుంది. మార్పు ఏ గీతల కూడలి దగ్గర వచ్చిందో ఫోను లెక్కగట్టి, వేలు ఎక్కడుందో తెలుసుకుంటుంది. ఎండిన చెక్క విద్యుత్తును దాదాపుగా ప్రసరింపజేయదు. అందుకే తెర దానిని పట్టించుకోదు.

బొమ్మ ఎంత పెద్దది?

ఫోనులోని ప్రతి ఫొటో చిన్న చిన్న చుక్కల సమూహం. ఆ చుక్కను పిక్సెల్ అంటారు. తోసి చూసే పోస్టుకు సాధారణంగా వాడే కొలత వెడల్పు 1080, ఎత్తు 1350 పిక్సెళ్లు. ఈ రెంటినీ గుణిస్తే 14,58,000 పిక్సెళ్లు వస్తాయి. ప్రతి పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు ఎంతెంతో చెప్పే మూడు సంఖ్యలు ఉంటాయి. అంటే ఒక్క బొమ్మకు 43,74,000 సంఖ్యలు! ఆరు బొమ్మల పోస్టుకు 2 కోట్ల 62 లక్షలు దాటుతాయి. ఇన్ని సంఖ్యలను ఉన్నవి ఉన్నట్టు పంపితే ఫోను చాలాసేపు తీసుకుంటుంది. అందుకే కంటికి పెద్దగా తేడా తెలియని వివరాలను వదిలేసి, బొమ్మను కుదించి పంపుతారు.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుంచుకోండి. కెమెరాతో తీసిన ఫొటోలో ఆ సంఖ్యలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఎదురుగా ఉన్న వస్తువు మీద పడి తిరిగివచ్చిన వెలుగు నుంచి. మరి ఏఐ వేసిన బొమ్మలో ఆ సంఖ్యలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఈ పాఠానికి ఇదే కీలకమైన ప్రశ్న.

మచ్చల్లోంచి బొమ్మ

ఇంటి ముందు ఒక చక్కని ముగ్గు ఉందనుకోండి. దాని మీద చిటికెడు ఇసుక చల్లండి. ముగ్గు ఇంకా కనిపిస్తుంది. మరో చిటికెడు, మరో చిటికెడు చల్లుతూ పోతే కాసేపటికి ఇసుక తప్ప ఏమీ కనిపించదు. ఇలా లక్షల ముగ్గుల మీద ఇసుక పడడం చూసిన ఒకరు ఉన్నారనుకుందాం. ఏ దశలో ఎక్కడ ఎంత ఇసుక పడిందో వారు ఊహించగలరు. ఆ ఇసుకను కొంచెం కొంచెంగా తీసివేయనూ గలరు.

చాలా ఏఐ యంత్రాలు బొమ్మ వేయడం ఇలాగే నేర్చుకున్నాయి. కోట్ల కొద్దీ బొమ్మలను, వాటి పక్కన ఉన్న మాటలను యంత్రానికి చూపుతారు. ప్రతి బొమ్మలోనూ దశలవారీగా మచ్చలు కలుపుతారు. ఏ మచ్చలు కలిశాయో ఊహించడం యంత్రం పని. ఊహ తప్పినప్పుడల్లా లోపలి లెక్కలను సరిదిద్దుతారు. ఇలా నేర్చుకున్న తర్వాత యంత్రానికి ఉత్త మచ్చలే ఇచ్చి, ‘చెరువు, సాయంత్రం, కొంగలు’ అని చెబుతారు. ఆ మాటలకు పొసగని మచ్చలను అది మెల్లమెల్లగా తీసివేస్తుంది. చివరకు కొంగల చెరువు బయటపడుతుంది. ఈ పద్ధతిని ‘డిఫ్యూజన్’ అంటారు. దీని మూల భావనను 2015లో ప్రతిపాదించారు. 2020 నాటికి అది మంచి బొమ్మలు ఇవ్వసాగింది. 2022లో సామాన్యుల చేతికి వచ్చింది. మచ్చలు తీయడానికి బదులు, బొమ్మను ముక్క తర్వాత ముక్కగా ఊహిస్తూ పోయే యంత్రాలు కూడా ఉన్నాయి. ఏ పద్ధతి అయినా చేసే పని ఒక్కటే: ఊహించడం.

చెరువును చూడని చిత్రకారుడు

‘శామీర్‌పేట చెరువు బొమ్మ వేయి’ అని ఏఐని అడిగితే ఏం వేస్తుంది? నీళ్లు వేస్తుంది, గట్టు వేస్తుంది, సూర్యాస్తమయం వేస్తుంది. బహుశా దూరాన పచ్చని కొండలు, నీటిలో తామరలు కూడా వేయవచ్చు. అది ఎక్కడో చూసిన వేల చెరువుల సగటు చెరువు. మన చెరువు కాదు. మన చుట్టుపక్కల కనిపించేవి గుండ్రని గ్రానైటు బండలు. వాటి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఆ బండ ఎక్కడుంది, ఈ నెలలో నీరు ఎంత వరకు వచ్చింది, కట్ట మీద ఏ చెట్టు ఉంది అన్నవి అక్కడికి పోయి చూసినవారికే తెలుస్తాయి.

ఏఐ బొమ్మల్లో తెలుగు అక్షరాలు తరచుగా చెడిపోవడం కూడా ఇందుకే. యంత్రం ‘క్ష్మి’ అన్న అక్షరాన్ని చదివి రాయదు. అలాంటి వంకరలు ఉండే చోట అలాంటి వంకరలు వేస్తుంది, అంతే. తెలుగు రాతలున్న బొమ్మలను అది ఇంగ్లీషువాటి కన్నా చాలా తక్కువగా చూసింది. అందువల్ల ఒత్తులు ఊడిపోతాయి, లేని అక్షరాలు పుడతాయి. కొత్త యంత్రాలలో ఈ లోపం తగ్గుతోంది గాని, అక్షరాలను మనమే విడిగా టైపు చేసి బొమ్మ మీద పెట్టుకోవడం మేలు.

ఒక అబద్ధపు బొమ్మ ఎంత చెరుపు చేస్తుంది?

‘అందంగా ఉంటే చాలు కదా, నిజమైనదైతేనేం, ఊహించినదైతేనేం?’ అని మీలో కొందరు అడగవచ్చు. హైదరాబాదులోనే జరిగిన ఒక సంగతి చూడండి.

2025 మార్చి చివరలో నగరానికి పడమట కంచ గచ్చిబౌలిలో, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న సుమారు 400 ఎకరాల భూమిని యంత్రాలతో చదును చేయడం మొదలయింది. విద్యార్థులు, పర్యావరణ ప్రేమికులు అభ్యంతరం చెప్పారు. నిజమైన ఫొటోలు, వీడియోలు సామాజిక మాధ్యమాలలో వ్యాపించాయి. వాటితో పాటే జింకలు, నెమళ్లు బుల్‌డోజర్ల ముందు పరుగులు తీస్తున్నట్టు ఏఐ వేసిన బొమ్మలు కూడా వ్యాపించాయి. అవి కల్పితాలని ప్రభుత్వం చెప్పింది. అలాంటి బొమ్మలు పంచుకున్నవారికి పోలీసులు నోటీసులు కూడా ఇచ్చారు.

మరి అసలు నిజం ఎలా తేలింది? 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రారును స్వయంగా అక్కడికి వెళ్లి చూసి రమ్మంది. ఆ నివేదికలో సుమారు 100 ఎకరాలలో పెద్ద సంఖ్యలో చెట్లు కూలాయనీ, ఆ ప్రాంతంలో నెమళ్లు, జింకలు, పక్షులు కనిపించాయనీ ఉంది. అదే రోజు సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపమని ఆదేశించింది.

ఇందులోని పాఠం గమనించారా? అక్కడ చెట్లు కూలిన మాట నిజం. జింకలు, నెమళ్లు ఉన్న మాటా నిజమే. అయినా ఊహించి వేసిన బొమ్మలు కలవడంతో చర్చ చెట్ల మీది నుంచి బొమ్మల మీదికి మళ్లింది. నిజమైన ఫొటోలు తీసినవారు కూడా ‘ఇది ఏఐ కాదు’ అని రుజువు చేసుకోవలసి వచ్చే స్థితి ఏర్పడింది. చివరికి కోర్టుకు పనికి వచ్చింది ఒక మనిషి పోయి కళ్లారా చూసి రాసిన నివేదిక. అబద్ధపు బొమ్మ నిజానికి సాయం చేయబోయినా చెరుపే చేస్తుంది.

చేసి చూద్దాం: ఒక చెరువు, ఆరు బొమ్మలు

ఇప్పుడు ఏఐ సాయం తీసుకుంటూనే నిజాయితీ గల పోస్టు ఒకటి తయారు చేద్దాం. ‘వానకాలంలో మన చెరువు ఎంత నిండింది?’ అన్నది అంశం. శామీర్‌పేట చెరువే కానక్కర లేదు. మీ ఊరి కుంట అయినా సరే. పెద్దలను వెంట తీసుకుపొండి. కట్ట మీద రోడ్డుకు దూరంగా, నీటి అంచుకు దిగకుండా నిలబడండి.

1. చోటు ఎంచుకోండి. జులైలో, సెప్టెంబరులో, నవంబరులో ఒకే చోటు నుంచి ఒకే వైపు తిరిగి ఫొటో తీయాలి. కదలని వస్తువు, అనగా ఒక పెద్ద బండగాని, కరెంటు స్తంభంగాని, ప్రతిసారీ ఫొటో ఎడమ అంచున వచ్చేలా చూసుకోండి. అప్పుడే మూడు ఫొటోలను పోల్చగలం. హిమానీనదాలు కరగడాన్ని గమనించే శాస్త్రవేత్తలు కూడా ఈ పద్ధతినే వాడుతారు.

2. నోటుపుస్తకంలో రాయండి. తేదీ, సమయం, ఎండా మబ్బా, ఎటు తిరిగి తీశారు అన్నవి రాయాలి. కట్ట లోపలి వైపు పేర్చిన రాళ్లు కనిపిస్తుంటే, నీటి పైన ఎన్ని వరుసలు ఉన్నాయో లెక్కపెట్టండి. మత్తడి దూకుతోందా లేదా కూడా రాయండి.

3. బొమ్మల క్రమం నిర్ణయించండి. మొదటి బొమ్మలో ప్రశ్న. రెండు, మూడు, నాలుగు బొమ్మల్లో మూడు నెలల ఫొటోలు. అయిదో బొమ్మలో చెరువు నీరు తూము ద్వారా పొలానికి ఎలా పోతుందో చూపే రేఖాచిత్రం. ఆరో బొమ్మలో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎలా తీశారన్న వివరం. ఒక బొమ్మకు ఒకే సంగతి. రెండు సంగతులుంటే రెండు బొమ్మలు చేయండి.

4. రేఖాచిత్రానికి ఏఐని అడగండి. ‘చెరువు బొమ్మ కావాలి’ అంటే చాలదు. ఇలా అడిగి చూడండి: ‘చెరువు కట్టను అడ్డంగా కోసినట్టు చూపే సులభమైన రేఖాచిత్రం. ఎడమ వైపు నీరు, మధ్యలో మట్టి కట్ట, కట్ట అడుగున గొట్టంలాంటి తూము, కుడి వైపు పల్లంలో వరిపొలం. తెల్లని నేపథ్యం. అక్షరాలు వద్దు.’ వచ్చిన బొమ్మను పరీక్షించండి. తూము నీటి మట్టానికి పైన ఉందా? పొలం చెరువు కన్నా ఎత్తున ఉందా? అలా ఉంటే నీరు పారదు, బొమ్మ తప్పు. రెండు మూడుసార్లు అడిగినా తప్పే వస్తే కాగితం మీద మీరే గీసి ఫొటో తీయండి. దానికి ఏ యంత్రం అక్కరలేదు.

5. మాటలు కుదించండి. నోటుపుస్తకంలోని వివరం 60 మాటలుంటే 20 మాటలకు కుదించమని ఏఐని అడగవచ్చు. కాని తేదీలు, లెక్కలు మళ్లీ నోటుపుస్తకంతో సరిచూడండి. అడగని సంగతులను తోచినట్టు కలపడం దానికి అలవాటు. అక్షరాలు పెద్దవిగా, వరుసల మధ్య ఎడం ఎక్కువగా ఉంచండి. తెలుగులో ఒత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి కదా! ఫోనును చేయి చాచి పట్టుకొని చదవండి. చదవలేకపోతే అక్షరాలు చిన్నవన్న మాట.

6. ఫొటోల జోలికి పోకండి. వెలుతురు కాస్త పెంచడం, అంచు కత్తిరించడం తప్పు కాదు. కాని నీటిలోని చెత్తను చెరిపేయడం, ఆకాశానికి రంగులద్దడం, లేని కొంగను దించడం చేయకూడదు. ఇలాంటి మార్పులు చేసే మీటలు ఇప్పుడు ఫోన్లలోనే ఉన్నాయి. అవి నొక్కిన క్షణం నుంచి ఆ ఫొటో సాక్ష్యం కాకుండా పోతుంది.

7. పేరు పెట్టండి. అయిదో బొమ్మ మీద ‘ఏఐతో వేసిన బొమ్మ’ అని స్పష్టంగా రాయండి. ఫొటోల మీద ‘కెమెరాతో తీసినది’ అనీ తేదీ రాయండి. ఏఐ బొమ్మలకు గుర్తు తప్పనిసరి చేయాలని భారత ప్రభుత్వం 2025 అక్టోబరులో ముసాయిదా నియమాలు ప్రకటించింది. కంటికి కనిపించని గుర్తును బొమ్మలోనే కలిపే ‘సింథ్‌ఐడీ’ పద్ధతిని గూగుల్ సంస్థ 2023లో ప్రవేశపెట్టింది. అయితే నియమం ఉన్నా లేకున్నా చెప్పడం మన ధర్మం.

కొన్ని జాగ్రత్తలు

ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతాకు కనీస వయసు 13 సంవత్సరాలు. అమ్మానాన్నలకు చెప్పకుండా ఖాతా తెరవకండి. ఖాతా లేకున్నా నష్టం లేదు. ఆరు బొమ్మలను ఫోనులోనే వరుసగా పెట్టి తరగతిలో చూపవచ్చు. అచ్చు తీసి గోడకు అంటించవచ్చు.

చేపలు పట్టేవారు, బట్టలు ఉతికేవారు ఫొటోలో పడితే వారి అనుమతి అడగండి. మీ ముఖం, స్నేహితుల ముఖాలు ఏఐ యంత్రాలకు ఇవ్వకండి. ఫొటో ఫైలులో అది తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా దాగి ఉండవచ్చు. ఇంటి దగ్గర తీసిన ఫొటోలు పంపేముందు కెమెరా అమరికల్లో ఆ సౌకర్యాన్ని ఆపండి.

ఇతరుల పోస్టులు చూసేటప్పుడూ ఇదే తూకం వాడండి. వేళ్లు ఆరు ఉన్నాయా, నీడలు సరిగా పడ్డాయా అని వెదకడం కొంతవరకే పనిచేస్తుంది. యంత్రాలు రోజు రోజుకూ ఆ తప్పులు దిద్దుకుంటున్నాయి. ఎవరు తీశారు? ఎక్కడ? ఎప్పుడు? ఈ మూడు ప్రశ్నలు మాత్రం పాతబడవు. జవాబు లేని బొమ్మను ఇంకొకరికి పంపకండి.

పటం విప్పే కథకుడు తాను చెబుతున్నది కథ అని దాచడు. వినేవారికీ అది తెలుసు. కథను కథగా, చూసినదాన్ని చూసినదిగా చెప్పినంతకాలం ఏ పరికరమైనా మనకు మేలే చేస్తుంది. చెరువు దగ్గరకు పోయి చూడవలసింది మాత్రం మనమే.

ఆలోచించండి

1. జులై ఫొటోను ఉదయం, నవంబరు ఫొటోను సాయంత్రం తీస్తే పోల్చడంలో ఏ ఇబ్బంది వస్తుంది?

2. వెడల్పు 1080, ఎత్తు 1080 పిక్సెళ్లున్న చదరపు బొమ్మకు మొత్తం ఎన్ని సంఖ్యలు కావాలి?

3. పాత ఫొటోలోని గీతలను ఏఐతో తుడిపించి, మసకబారిన ముఖాన్ని స్పష్టం చేయించారు. ఆ ముఖం ఇప్పుడు ఫొటోయా, ఊహయా? మీ తరగతిలో చర్చించండి.